సెంట్రల్ వర్సిటీలో పీజీ: హెచ్‌సీయూనా, ఢిల్లీనా, అనంతపురమా?

సెంట్రల్ వర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ఫలితాలు వచ్చాయంటే డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూముకి పిల్లల తాకిడి మొదలవుతుంది. "సార్, హెచ్‌సీయూలో వచ్చేలా ఉంది, జేఎన్‌యూలోనూ రావచ్చు, ఎటు పొమ్మంటారు?" అని కొందరు. "అనంతపురంలో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టారు కదండీ, ఇంటికి దగ్గర, అక్కడ చేర్పిస్తే సరిపోదా?" అని వాళ్ల నాన్నలు. ఇద్దరి చేతిలోనూ ఫోను, ఫోనులో ఒక ర్యాంకుల పట్టిక. ముందు ఆ పట్టిక కాసేపు పక్కన పెట్టమంటాను. హోదాలూ అవార్డులూ యూనివర్సిటీ మొత్తానికి వస్తాయి. మీ రెండేళ్లు గడిచేది మాత్రం ఒక డిపార్ట్‌మెంట్‌లో, ఒక హాస్టల్ గదిలో. ఆ రెండూ ఎలా ఉన్నాయో చూసుకున్నాకే పేరు సంగతి.

హెచ్‌సీయూకి వచ్చిన పేరు ఎంత, మీకు దక్కేది ఎంత

రెండు తెలుగు రాష్ట్రాల్లో సెంట్రల్ వర్సిటీ అనగానే ముందు గుర్తొచ్చేది ఇదే. కాగితాల మీద యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ఆటోవాళ్ల దగ్గర్నుంచి అందరికీ హెచ్‌సీయూ. ముల్కీ, జై ఆంధ్ర గొడవల తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలోంచి పుట్టింది. దీనికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణమే చేర్చారు. 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై, ఆనక గచ్చిబౌలికి మారింది. ఇప్పుడు యాభై ఏళ్లు దాటింది.

ఈ మధ్య దీనికి దక్కినవాటిలో పెద్దది 2019 నాటి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా, అంటే మేటి సంస్థగా కేంద్రం ఇచ్చే గుర్తింపు. ఈ హోదా పొందిన ప్రభుత్వ సంస్థలకు ఐదేళ్లలో వెయ్యి కోట్ల రూపాయల దాకా ఇస్తామని కేంద్రం చెప్పింది. అదే విడతలో ఢిల్లీ యూనివర్సిటీకి, బెనారస్ హిందూ యూనివర్సిటీకి కూడా వచ్చింది. జేఎన్‌యూకి ఈ హోదా లేదు. అంతమాత్రాన జేఎన్‌యూ తక్కువదని ఎవరైనా అంటారా? హోదాకు ఉన్న విలువ ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

అయినా సైన్సు పిల్లలకు ఆ డబ్బు వల్ల ఉపయోగం ఉంది. ల్యాబుల్లో పరికరాలు, మాస్టార్లకు ప్రాజెక్టులు, ఆ ప్రాజెక్టుల్లో పనిచేసే పీహెచ్‌డీ సీనియర్లు, ఇవన్నీ ఎమ్మెస్సీ విద్యార్థి దాకా వస్తాయి. కెమిస్ట్రీ, ఫిజిక్స్, లైఫ్ సైన్సెస్ స్కూళ్లు ఇక్కడ ముందు నుంచీ గట్టివే. డీఆర్‌డీఓ సాయంతో నడిచే హై ఎనర్జీ మెటీరియల్స్ పరిశోధన కేంద్రం క్యాంపస్‌లోనే ఉంది. బయోటెక్ స్టార్టప్‌ల కోసం ఆస్పైర్ బయోనెస్ట్ కూడా ఉంది. పరిశోధన వైపు వెళ్లాలన్న కోరిక నిజంగా ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థికి నా ఓటు ఇంకో ఆలోచన లేకుండా హెచ్‌సీయూకే.

ఎంఏ వాళ్ల లెక్క వేరు. ఎమినెన్స్ డబ్బు వాళ్ల క్లాసు రూములో పెద్దగా కనపడదు. వాళ్లు ఇక్కడికి రావాల్సింది వేరేచోట సులువుగా దొరకని చదువుల కోసం: అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలు, దళిత ఆదివాసీ అధ్యయనాలు, థియేటర్, కూచిపూడిలో మాస్టర్స్. ఎంఏ తెలుగు కూడా ఆ వరుసలో చెప్పుకోవాల్సిందే. కేరళ, ఒడిశా, బెంగాల్ పిల్లల మధ్య ఉంటూ తెలుగు చదవడంలో ఒక లాభం ఉంది. మన సాహిత్యం గురించి ఇంగ్లిషులో కూడా మాట్లాడటం అలవాటవుతుంది. ఇక ప్రవేశ పరీక్షలు కోర్సును బట్టి మారతాయి: ఎంసీఏకి నిమ్‌సెట్, ఎంబీఏకి క్యాట్, ఎంటెక్‌కి గేట్. సీయూఈటీ స్కోరు చేతిలో పెట్టుకుని ఎంబీఏ సీటు కోసం చూసేవాళ్లు ఏటా ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు.

ర్యాంకు పడిపోయిందట కదా?

పడిపోయిన మాట నిజమే. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో, యూనివర్సిటీల జాబితాలో హెచ్‌సీయూ 2019లో 4, 2020లో 6, 2021లో 9, 2022లోనూ 2023లోనూ 10, 2024లో 17. ఎమినెన్స్ హోదా వచ్చిన ఏడాది నుంచే ర్యాంకు దిగుతూ పోవడం కాస్త విడ్డూరమే. ఇదే కాలంలో మణిపాల్, అమృత, వీఐటీ లాంటి ప్రైవేటు డీమ్డ్ వర్సిటీలు మొదటి పదిలో కూర్చున్నాయి. ఈ ర్యాంకు కట్టే పద్ధతి చూస్తే బోధన వనరులకు 30 మార్కులు, పరిశోధనకు 30, చదువు పూర్తి చేసినవారి ఫలితాలకు 20, అందరికీ అందుబాటుకు 10, జనంలో ఉన్న పేరుకు 10. ఇంజినీరింగ్ నుంచి మెడికల్ దాకా అన్నీ ఉన్న వర్సిటీనీ, ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీలే నడిపే వర్సిటీనీ ఒకే త్రాసులో వేస్తారు. నాలుగో ర్యాంకులో ఉన్నప్పుడు హిస్టరీ ఎలా చెప్పారో పదిహేడులో ఉన్నప్పుడూ దాదాపు అలాగే చెబుతారు. మీ పక్కింటాయన మాత్రం ర్యాంకే అడుగుతాడు, అదొక టెన్షన్.

కాలేజీలను, వర్సిటీలను తనిఖీ చేసి నాక్ సంస్థ ఇచ్చే గ్రేడ్లయితే నేను చూడటమే మానేశాను. ఎ, ఎ ప్లస్, ఎ ప్లస్ ప్లస్ బోర్డులు ఇప్పుడు ప్రతి ఊరి పొలిమేరలోనూ కనిపిస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతంలోని ఒక సంస్థకు మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారంటూ నాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. అన్ని గ్రేడ్లూ అలాంటివే అనలేం గానీ, గ్రేడు చూసి సీటు తీసుకోమని మాత్రం చెప్పను.

తల్లిదండ్రులు అడిగే ఇంకో సంగతి కంచ గచ్చిబౌలి. క్యాంపస్‌ను ఆనుకున్న 400 ఎకరాల్లో 2025 మార్చి చివర బుల్‌డోజర్లు దిగడం, విద్యార్థులు అడ్డుపడటం, ఏప్రిల్ మొదటి వారంలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించడం టీవీల్లో అందరూ చూశారు. "అక్కడ ఎప్పుడూ గొడవలేనా?" అని భయం. విద్యార్థి రాజకీయాలు అక్కడ గట్టిగానే ఉంటాయి. 2016లో రోహిత్ వేముల మరణం తర్వాత, క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ షాప్‌కామ్ దగ్గర విద్యార్థులు వేసిన వెలివాడ అనే నిరసన శిబిరం గురించి దేశమంతా మాట్లాడుకుంది. రాజకీయం వద్దనుకున్నవారు లైబ్రరీకి వెళ్లి చదువుకోవచ్చు, ఎవరూ చేయి పట్టి లాగరు. కానీ ఆ వాతావరణమే పడదనుకుంటే జేఎన్‌యూ అసలు పడదు, ఆ పేరు జాబితాలోంచి ఇప్పుడే తీసేయండి.

ఢిల్లీ వెళ్లాలా?

ఢిల్లీ అంటే ఒకటి కాదు. డీయూ (ఢిల్లీ యూనివర్సిటీ), జేఎన్‌యూ రెండూ వేరు వేరు ప్రపంచాలు.

1969లో పుట్టిన జేఎన్‌యూ ఒకే చోట ఉన్న నివాస క్యాంపస్. హాస్టళ్లకు నదుల పేర్లు పెట్టారు: గంగ, సబర్మతి, జీలం, పెరియార్, కావేరి. గోదావరి హాస్టల్ అమ్మాయిలది, రాజమండ్రి అమ్మాయి అందులో పడితే ఇంట్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. అంతర్జాతీయ సంబంధాలు, విదేశీ భాషలు, సోషియాలజీ, చరిత్ర, పొలిటికల్ సైన్స్: వీటికి జేఎన్‌యూని మించింది దేశంలో తక్కువ. ఎన్ఐఆర్ఎఫ్‌లో ఏళ్ల తరబడి రెండో స్థానం వదలడం లేదు. వెనకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికి కొన్ని అదనపు మార్కులు కలిపే పద్ధతి ఒకటి వాళ్లకు ఉంది. మీ జిల్లా ఆ జాబితాలో ఉందేమో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూడటం మరచిపోకండి. ఒక్కోసారి ఆ కొన్ని మార్కులే సీటు తెచ్చిపెడతాయి.

డీయూ 1922 నాటిది. డిగ్రీకి డీయూ కాలేజీలు బంగారమే. పీజీకి మాత్రం అంత ధీమాగా చెప్పలేను. కొన్ని శాఖల్లో ఒక్క బ్యాచ్‌లోనే వందల మంది ఉంటారు, మాస్టారికి మీ పేరు తెలియకుండానే రెండేళ్లు అయిపోవచ్చు. హాస్టల్ సీట్లు తక్కువ, ఎక్కువమంది విజయ్ నగర్, కమలా నగర్ లాంటి చోట్ల పేయింగ్ గెస్ట్ గదులు వెతుక్కోవాల్సిందే. ఫీజు చూసి "ఇంత తక్కువా!" అనుకుని వెళ్లి గది అద్దె దగ్గర బోల్తా పడతారు. అద్దె, తిండి, ఉత్తరాది చలికి కొనే బట్టలు, ఏడాదికి రెండుసార్లు రైలు, ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకుంటే హెచ్‌సీయూ హాస్టల్ ఖర్చుకీ దీనికీ తేడా నెలనెలా తెలుస్తుంది.

భాష సంగతి ఇంకొకటి. సీయూఈటీ పీజీ పేపరు, భాషా సబ్జెక్టులు వదిలేస్తే, ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. ఢిల్లీలో క్లాసు కూడా ఇంగ్లిషులో మొదలై సగంలో హిందీలోకి జారిపోవడం మామూలే. హిందీ సినిమా చూసి అర్థం చేసుకోవడం వేరు, హిందీలో రాజకీయ సిద్ధాంతం వినడం వేరు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి సెమిస్టరు ఒకేసారి రెండు భాషలతో కుస్తీ. తట్టుకున్నవాళ్లు బాగా రాటుదేలతారు, అది కూడా నిజమే.

ఢిల్లీలో మనవాళ్లు లేకపోలేదు. ధౌలా కువాన్ దగ్గరి శ్రీ వేంకటేశ్వర కాలేజీని టీటీడీయే 1961లో పెట్టింది. పింక్ లైన్‌లో సౌత్ క్యాంపస్ మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే ఉంది. ఆదివారం ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు క్యూ చూస్తే ఊళ్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

సివిల్స్ కోసం ఢిల్లీ వెళ్తూ, తోడుగా ఒక ఎంఏ సీటు తీసుకుందామనుకునే వారికి ఒక మాట. ఆ ఎంఏ సివిల్స్ ఆప్షనల్‌కి పనికొస్తేనే చేరండి. అటు కోచింగూ ఇటు అటెండెన్సూ రెండూ అరకొరై మిగిలినవాళ్లను చాలామందిని చూశాం. సివిల్స్ ఒక్కటే లక్ష్యమైతే అశోక్ నగర్‌లో గది తీసుకుని హైదరాబాద్‌లోనే చదువుకోవచ్చు.

అనంతపురం, విజయనగరం, ములుగు

ఈ మూడూ 2014 విభజన చట్టంలోని హామీలే. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో అనంతపురం జేఎన్‌టీయూ భవనాల్లో హెచ్‌సీయూ ఆసరాతో మొదలైంది, 2019లో చట్టం వచ్చింది. జంతలూరు దగ్గర సొంత క్యాంపస్ లేస్తోంది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం పక్కన కొండకరకంలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు భవనాల్లో నడిచింది, శాశ్వత క్యాంపస్‌కు 2023 ఆగస్టులో శంకుస్థాపన అయింది. ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం వచ్చింది, అంచనా వ్యయం రూ.889 కోట్లు. 2024లో తరగతులు మొదలయ్యాయి గానీ డిగ్రీ కోర్సులతోనే. కాబట్టి పీజీ వరకు ఇక్కడ చూసేది మొదటి రెండింటినే.

కొత్త వర్సిటీలో చేరడం వల్ల లాభం లేదని కొందరు కొట్టిపారేస్తారు, నేను ఆ పక్షం కాదు. క్లాసులో తక్కువమంది ఉంటారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన యువ అధ్యాపకులు కాబట్టి ఉత్సాహంగా చెబుతారు. పోటీ హెచ్‌సీయూ అంత ఉండదు, సర్టిఫికెట్టూ ఫీజూ సెంట్రల్ వర్సిటీవే. రాయలసీమ కుర్రాడికి ఎంఏ ఇంగ్లిషో, ఎకనామిక్సో అక్కడ దొరికితే సంతోషంగా పంపిస్తాను. ల్యాబ్ మీద ఆధారపడే ఎమ్మెస్సీకి అయితే ఆగమంటాను. పెద్ద పరికరాలు వచ్చి, వాటిని నడపగల టెక్నీషియన్లు కుదురుకుని, పీహెచ్‌డీ సీనియర్లు తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోటు మీ బ్యాచ్ మీద పడకూడదు. ఉద్యోగానికి రిఫరెన్స్ ఇచ్చే పాత విద్యార్థులు కూడా ఇంకా అంతగా లేరు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఇంగ్లిషు, జర్మన్, ఫ్రెంచ్, అరబిక్ లాంటి భాషలకైతే తార్నాకలోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. 1958లో ఇంగ్లిషు టీచర్ల శిక్షణ కోసం పుట్టిన సంస్థ, 2007 నుంచి సెంట్రల్ వర్సిటీ. పీజీ ప్రవేశాల నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. పాండిచ్చేరి వర్సిటీలో తెలుగు పిల్లలు ఎప్పుడూ బాగానే ఉంటారు, సముద్రం పక్కన కాలాపేటలో మంచి క్యాంపస్. హెచ్‌సీయూ తప్పిపోయిన ఎమ్మెస్సీ వాళ్లకు నా రెండో మాట అదే. పశ్చిమ తెలంగాణకు, హైదరాబాద్‌కు రాకపోకలు చూస్తే కలబురగిలోని కర్ణాటక సెంట్రల్ వర్సిటీ కూడా దగ్గరే. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి గచ్చిబౌలిలోనే మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ) ఉంది.

ఓయూ, ఏయూలను మరీ తీసిపారేయకండి

సెంట్రల్ మోజులో పడి 1918 నాటి ఉస్మానియానీ, 1926లో పుట్టి నూరేళ్లు నింపుకున్న ఆంధ్రానీ రెండో తరగతిగా చూసేవాళ్లున్నారు. ఏయూలో జియాలజీ, ఫార్మసీ, కెమికల్ ఇంజినీరింగ్ లాంటివి తక్కువేమీ కాదు. గ్రూప్స్, జూనియర్ లెక్చరర్ పోటీ పరీక్షలు రాసే స్నేహితుల గుంపు ఉస్మానియాలో దొరికినట్టు హెచ్‌సీయూలో దొరకదు. రాష్ట్ర ఉద్యోగమే గమ్యమైనవారికి అదే చాలా పెద్ద లాభం. స్థానిక కోటా కూడా రాష్ట్ర వర్సిటీల్లోనే ఉంది, సెంట్రల్ వాటిలో సాధారణంగా దేశమంతా ఒకటే.

పీహెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేడా డబ్బు రూపంలో కనపడుతుంది. నెట్ పరీక్షలో గెలుచుకునే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే ఎక్కడైనా ఒకటే: 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000. రాకపోతే? సెంట్రల్ వర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేని పీహెచ్‌డీ విద్యార్థికి యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు రూ.8,000 ఇస్తుంది. రాష్ట్ర వర్సిటీల వాళ్లకు అది వర్తించదు. ఎనిమిది వేలు ఈ రోజుల్లో ఒక లెక్కా అంటే లెక్కే, హాస్టల్ మెస్ బిల్లు కట్టి ఇంటికి ఫోన్ చేయకుండా ఉండొచ్చు.

డిపార్ట్‌మెంట్‌ను ఎలా చూడాలి

ఆ శాఖ వెబ్ పేజీ తెరిచి అధ్యాపకుల జాబితాలో రెగ్యులర్ వాళ్లెందరో, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరో లెక్కపెట్టండి. మంజూరైన పోస్టుల్లో సగం ఖాళీ ఉంటే వర్సిటీ పేరు ఎంత పెద్దదైనా మీకు పాఠం చెప్పేవారుండరు. తర్వాత శోధ్‌గంగలోకి వెళ్లండి. దేశంలోని వర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు పెట్టే వెబ్‌సైట్ అది, ఎవరైనా చదవొచ్చు. ఆ వర్సిటీ పేరు, ఆ శాఖ పేరు ఎంచుకుంటే ఏ గైడు దగ్గర ఏ అంశాల మీద పని జరిగిందో వరుసగా కనిపిస్తుంది. ఇటీవలి ఐదేళ్లలో అక్కడ కొత్తగా ఏమీ లేకపోతే పరిశోధన మందకొడిగా ఉందని అనుకోవచ్చు. మీకు నచ్చే అంశం రెండు మూడు చోట్ల తగిలితే ఆ మాస్టారి పేరు రాసుకోండి. ఏ ర్యాంకుల పట్టికా ఇంత చెప్పదు. చివరగా అక్కడ చదువుతున్న ఒక సీనియర్‌ను పట్టుకుని రెండే అడగండి: హాస్టల్ ఎన్నో నెలలో ఇచ్చారు, పరీక్ష ఫలితాలు ఎప్పుడు ఇస్తారు.

సర్టిఫికెట్ దగ్గర పోయే సీట్లు

మార్కులు వచ్చి కూడా సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. మన దగ్గర బీసీ-ఎ, బీ, సీ, డీ, ఈ అని గ్రూపులు. సెంట్రల్ వర్సిటీలో అవి చెల్లవు, అక్కడ ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ఒక్కటే, 27 శాతం. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు కూడా. ముందు మీ కులం పేరు కేంద్ర జాబితాలో అదే పేరుతో ఉందో లేదో చూసుకోండి. ఉంటే మీసేవలోనో సచివాలయంలోనో "సెంట్రల్ ఫార్మాట్" అని నొక్కి చెప్పి దరఖాస్తు పెట్టండి, లేకపోతే అలవాటుగా మామూలు కుల ధ్రువీకరణ పత్రమే చేతిలో పెడతారు. తేదీ కూడా ముఖ్యం, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదే అడుగుతారు కాబట్టి నిరుటిది దాచుకున్నా పనికిరాదు. ఈడబ్ల్యూఎస్ వాళ్లకూ ఇదే వరస. ఏప్రిల్ దాటగానే ఈ పని చేసేయాలి. అడ్మిషన్ల వేళ తహసీల్దారు ఆఫీసులో సంతకం కోసం నిలబడితే గడువు దాటిపోతుంది.

ఇంకో పెద్ద అపోహ: సీయూఈటీ రాశాం కాబట్టి కౌన్సెలింగ్ కూడా ఒకటే ఉంటుందని. ఉండదు. పరీక్ష ఒకటే, ఆ తర్వాత ప్రతి వర్సిటీకీ దాని సొంత పోర్టల్‌లో మళ్లీ విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు, విడిగా గడువు. డీయూది ఒక దారి, జేఎన్‌యూది ఇంకోటి, హెచ్‌సీయూది మరోటి. ఫలితాల తర్వాత మెయిల్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే రాదు.

వరుసగా లిస్టులు పడుతుంటే ముందు అనంతపురంలోనో పాండిచ్చేరిలోనో సీటు వస్తుంది, హెచ్‌సీయూది వెయిటింగ్‌లో ఉంటుంది. అప్పుడు వచ్చిన సీటుకు ఫీజు కట్టి పట్టుకోండి. పై లిస్టులో పేరు వచ్చాక మొదటిదాన్ని వదిలేస్తే ఫీజు వెనక్కి ఇవ్వాల్సిన నిబంధనలను యూజీసీ పెట్టింది, ఆ ఏటి గడువు తేదీ చూసి దానికి ముందే రాతపూర్వకంగా, అంటే పోర్టల్‌లోనే, రద్దు చేసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలి రావద్దు. చూసి వెంటనే తిరిగి ఇవ్వాలనేది యూజీసీ నియమమే. టీసీ మాత్రం వాళ్ల దగ్గర ఉంచాల్సి వస్తుంది, కాబట్టి దాని నకళ్లు నాలుగైదు తీసి, ఒకదాని వెనక అప్పగించిన తేదీ రాయించుకోండి.